ఎనిమిది మీసాలూ ఒక సాక్షీ

కళ్ళారా చూడనిదే దొన్ ఎవరిస్తో ఒక్క మాట కూడా అనువదించడు. స్పెయిన్‌లోని సలమాంకా ఊరు మొత్తానికి ఆయన గురించి తెలిసిన సంగతి ఇదొక్కటే. యూనివర్సిటీ మనస్తత్వశాస్త్రం వాళ్ళు స్పానిష్‌లో రాసిన వ్యాసాలను నలభై ఏళ్ళుగా ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. వ్యాసంలో "కోపం" ఉంటే ముందు ఎవరికో ఒకరికి కోపం తెప్పించి, తృప్తిగా చూసి, అప్పుడు రాస్తాడు. "మూర్ఛ" మీద వ్యాసం వచ్చిన వారం డిపార్ట్‌మెంటంతా సెలవు పెట్టింది.

అలాంటి మహానుభావుడి చేతిలో పరిశోధకురాలు బేగోన్యా తన వ్యాసం పెట్టింది. నేరం కళ్ళతో చూసిన సాక్షి కూడా మనిషిని గుర్తుపట్టడంలో ఎందుకు పొరబడతాడన్నది విషయం. ఆరేళ్ళ కష్టం. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఇంగ్లీషు పత్రికకు చేరకపోతే ఆరేళ్ళూ మట్టిలో కలిసినట్టే.

సోమవారం ఆయన గదికి వెళ్ళింది.

"ఎంతవరకు వచ్చింది దొన్ ఎవరిస్తో?"

"శీర్షిక దగ్గరున్నానమ్మాయ్."

"నెలరోజులుగా శీర్షికేనా!"

"అందులో 'రువేద' ఉంది. చూడాలి."

అనుమానితుణ్ణి మరికొందరితో కలిపి నిలబెట్టి సాక్షికి చూపించడాన్ని పోలీసులు రువేద అంటారు, అంటే చక్రం. ఇంగ్లీషువాళ్ళు దాన్నే లైనప్ అంటారని బేగోన్యా మొత్తుకుంది. "చక్రం వరుసగా ఎలా మారిందో చూడొద్దూ!" అంటూ ఆయన కోటు తగిలించుకున్నాడు. ఆ కోటుకు మళ్ళీ ఒక గుండీ లేదు. ఈమధ్య రోజుకొకటి ఊడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక బేగోన్యా వెంట నడిచింది.

ఆయన ప్రయోగశాల బసిలియో నడిపే బారు. పోయిన చలికాలం దాకా అక్కడ మోచెయ్యి ఆనించడానికి కూడా చోటుండేది కాదు. అప్పుడే, ఎదురుగా గుండీల కొట్టు నడిపే దోన్యా కాసిల్ద చేతిసంచీని ఎవడో లాక్కుపోయాడు. "మీసాలవాడు" అని ఆవిడ చెప్పింది. పోలీసులు ఐదుగుర్ని నిలబెట్టారు. మీసమున్నది బసిలియో ఒక్కడికే. ఆవిడ వేలు సూటిగా అటే వెళ్ళింది. రెండు నెలలకు అసలు దొంగ దొరికాడు, బసిలియో ఇంటికొచ్చాడు. కానీ లోకం నోరు ఎవరు మూయగలరు? "ఏమో, ఆవిడ కళ్ళతో చూసిందట కదా!" బారు ఖాళీ అయింది. నెలాఖరుకు మూసేస్తానన్నాడు. దోన్యా కాసిల్ద మాత్రం సిగ్గుపడి మళ్ళీ ఈ బారు వైపు కన్నెత్తి చూసింది లేదు.

అలాంటి బారులో దొన్ ఎవరిస్తో చక్రం తిప్పాడు. మొదటిరోజు రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఇహీనియో, చర్చి ఫాదర్ అన్సెల్మో, బసిలియోతో కలిపి మరో ఆరుగురూ గుండ్రంగా తిరిగీ తిరిగీ కళ్ళు తిరిగి ఆలివ్ కాయల పళ్ళెంలో పడ్డారు. "చక్రం పనికిరాదు, వరుసే!" అని ప్రకటించాడు. మర్నాటికి ఇంకో మాట: అనుమానితుడి పక్కన ఊరికే నిలబెట్టే మనుషులు. ఇంగ్లీషులో ఫిల్లర్లు. "వాళ్ళకూ మీసాలుండాలి, లేకపోతే అన్యాయం!" కాల్చిన సీసా బిరడాతో అందరికీ మీసాలు దిద్దాడు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఉత్తుత్తి దొంగతనానికి సాక్షులయ్యారు. అందరూ పొరబడ్డారు. మందుల షాపాయన సొంత బావమరిదినే దొంగన్నాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వితే ఆకలేస్తుంది, ఆకలేస్తే బసిలియో వంటింట్లో గుడ్డు-ఆలుగడ్డ తోర్తియా ఉండనే ఉంది.

శుక్రవారం పదకొండింటికి బేగోన్యా రొప్పుతూ బారులోకొచ్చింది. లోపల ఎనిమిది మీసాలు. తొమ్మిదోది దొన్ ఎవరిస్తోది.

"నా వ్యాసం!"

"ఒక్క మాట మిగిలింది. సాక్షి."

"దాన్ని విట్‌నెస్ అంటారని పాలు తాగే పిల్లకైనా తెలుసు!"

"చూడాలి," అంటూ ఆయన గుమ్మంవైపు చూశాడు.

గుమ్మంలో దోన్యా కాసిల్ద! "మూడు వారాలుగా రోజుకో గుండీ తెంపుకుని నా కొట్టుకొచ్చి, ఇక్కడికి రమ్మని నా ప్రాణం తీస్తున్నారు. ఇదిగో, వచ్చాను..." ఆ మాట పూర్తికాకముందే మీసాలవాడొకడు వెనకనుంచి ఆవిడ సంచీ లాక్కుని వంటింట్లోంచి చుట్టుతిరిగి వరుసలో కలిసిపోయాడు.

"ఎవరు తీశారు దోన్యా? ఇందులో లేకపోతే లేడని చెప్పండి," అన్నాడు దొన్ ఎవరిస్తో.

ఆవిడ బసిలియో దగ్గర ఒక్క క్షణం ఆగింది. తల వంచుకుని ముందుకు కదిలింది. చివరికి వేలెత్తింది. "ఇతనే! ప్రమాణం చేసి చెబుతాను!"

"అమ్మా, ఆదివారమేగా నీ పాపాలన్నీ విన్నాను!" అన్నాడు ఆ వేలికెదురుగా నిలబడ్డ ఫాదర్ అన్సెల్మో.

బారు నవ్వులతో అదిరిపోయింది. తీసింది తనేనంటూ ఇహీనియో సంచీ తిరిగిచ్చాడు. అందరూ నవ్వుతున్నారు, ఆవిడ తప్ప.

"అయితే ఆరోజు కూడా..."

"ఆరోజు మీసం నాకొక్కడికే ఉంది దోన్యా," అన్నాడు బసిలియో నెమ్మదిగా.

ఆవిడ అందరివైపూ తిరిగింది. "వినండి. ఇతను దొంగ కాడు. నేనే పొరబడ్డాను. బసిలియో, తప్పయిపోయిందయ్యా."

బసిలియో ఒక కప్పు అందుకున్నాడు. "కాఫీ తాగుతారా? పాలెక్కువ, చక్కెర రెండు."

"ఇంకా గుర్తుందా!"

"నేను మనుషుల్ని సరిగ్గా గుర్తుపడతాను."

ఈసారి ఆవిడే అందరికంటే గట్టిగా నవ్వింది.

దొన్ ఎవరిస్తో కోటులోంచి కవరు తీసి బేగోన్యా చేతిలో పెట్టాడు. ముప్ఫై పేజీలు, మచ్చలేని ఇంగ్లీషు. చివర ఆయన వేసుకున్న తేదీ మూడు వారాల కిందటిది.

"ఎప్పుడో పూర్తయిందా! మరి నన్నెందుకు ఇంత ఏడిపించారు?"

"పత్రిక ఇవాళ్టి దాకా ఆగుతుందిగా. నువ్వు రాసింది నిజమని ఇంగ్లీషు చదివేవాళ్ళకు చెప్పడం ఎంతసేపు? మన వీధివాళ్ళు ఇంగ్లీషు చదవరు కదమ్మాయ్."

బేగోన్యా ఆరేళ్ళలో తన వ్యాసాన్ని చూసి ఇంత గర్వపడింది లేదు. అక్కడే కూర్చుని, కిందన ఆ వీధికీ ఎనిమిది మీసాలకూ కృతజ్ఞతలంటూ స్పానిష్‌లో ఒక వాక్యం చేర్చి ఆయన ముందుకు జరిపింది.

"ఇదొక్కటీ ఇంగ్లీషులో పెట్టండి. అరగంటే ఉంది."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "కృతజ్ఞత... చూడాలి."

ఆమె లేచి ఆయన రెండు బుగ్గలమీదా గట్టిగా ముద్దు పెట్టింది. ఆయన మీసం సగం ఆమె ముక్కుకు అంటుకుంది.

"ఆఁ," అన్నాడు కలం తీస్తూ, "ఇప్పుడు రాయొచ్చు."