మూర మీద బెత్తెడు

మా మెట్టుగూడ మలుపులో పోయినవి లెక్కేస్తే ఒక పూలబుట్ట, రోజూ ఆ పూలు కొనే పద్దెనిమిది వాడుక ఇళ్లు, కొలిచే చెయ్యి, చివరికి ఆ మనిషి.

మా పూలమ్మ మోచేతి నుంచి వేలికొస దాకా మూర కొలిచి, పైన బెత్తెడు కొసరు వేసేది. చంకలో గడ్డ లేచి, చెయ్యి వాచి, వేళ్లు చాపరాక మూర కురచయింది. అది తెలిసి కొసరు రెండింతలు చేసింది.

"దవాఖానకు పో అక్కా" అన్నాను.

"ఓపీ చీటీ పొద్దుగాలనే ఇస్తరు తమ్మీ. పూలు పోయేది సుత గప్పుడే. మధ్యాహ్నం పోతే రేపు రమ్మంటరు. రేపు సుత పూలుంటయి గదా!" అని నవ్వింది.

దవాఖానకు పోయే పూట బుట్టెడు పూల ఖరీదు నేనిస్తానన్నాను. ఊరికే తీసుకోలేదు.

"నలభై మూరల పైసలనుకో. రోజుకొకటి ఇస్త."

మర్నాడే వెళ్లొచ్చింది.

"ఆలస్యం చేసినవని డాక్టరు కోపం చేసిండు తమ్మీ. ఈ బస్తీల అందరికన్న ముందు లేచేది నేనే!"

పందొమ్మిది మూరలు ఇచ్చాక మంచం పట్టింది. నెల తిరగకుండానే పోయింది.

ఇప్పుడు ఆమె చెల్లెలు ఆ మలుపులో పూలు పెట్టుకుని కూర్చుంటోంది. అక్క బాకీ తీరుస్తానంటే వద్దన్నాను. ఆమె మూర వేరు.

ఇంకా ఇరవై ఒక్క మూరలు రావాలి.