సైగాన్ వీధిలో పొట్టు తీశాను

వియత్నాంలో జీడిపిక్కలు కోసే మిషన్లు చూసి రావాలని కాశీబుగ్గ వ్యాపారులు కొందరు అనుకున్నప్పుడు ఆ గుంపులో నేనూ చేరాను. మా ఆయన పోయాక ఫ్యాక్టరీ నేనే నడుపుతున్నాను. పెద్దదేం కాదు, మా వీధి ఆడవాళ్లు కొందరు కూర్చుని పిక్కలు కొట్టి పప్పుకి పొట్టు తీసే చోటు. నాకు తోడుగా మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, రావాలి. తీరా బయల్దేరే వేళకి ఆయన పాస్‌పోర్టు రాలేదు, మిగతావాళ్ల వీసాలు ఆగిపోయాయి. టికెట్టూ వీసా రెండూ చేతికొచ్చింది నాకొక్కదానికే.

"ఎల్లొద్దమ్మా," అన్నారు బావగారు. "టెక్కలి దాటి ఒక్కర్తివీ ఎప్పుడైనా ఎల్లినావేటి? మావి కూడా వచ్చినాక అందరం కలిసి ఎల్దుం."

నాకు రోషం తన్నుకొచ్చింది. "ఎల్తాను బావగారూ. ఎల్లి మీరొచ్చినదాకా ఉంతాను కూడాను," అన్నాను.

"అలాగా! అయితే ఇను. మేం వచ్చినదాకా అక్కడ నిలబడితే ఫ్యాక్టరీ తాళాలు నీకాడే ఉంతాయి. భయమేసి మద్దిలో వచ్చీసినావనుకో, తాళాలు నాకిచ్చీసి ఇంటికాడ కూకో. ఒప్పుకుంతావా?"

ఒప్పుకున్నాను. నా నోరు ఊరుకుంటుందా!

బావగారు చెడ్డ మనిషి కాదు, ఆ మాట చెప్పాలి. ఆడమనిషి బయట పనులు చూసుకుంటే కష్టపడిపోతుందని ఆయన నిజంగానే నమ్మేవారు. అందుకే లారీ ఎప్పుడు రావాలి, సరుకు ఎక్కడ దించాలి అన్నీ ఆయనే తేల్చి, తర్వాత నాకు చెప్పేవారు. తాళాలు నా కొంగున, మాట ఆయన నోట.

సైగాన్‌లో దిగిన మొదటి రోజు నా రోషమంతా దిగిపోయింది. హోటల్ ముందు రోడ్డు దాటితే గానీ ఎక్కడికీ పోలేను. ఆ రోడ్డు మీద మోటారు సైకిళ్లు, మోటారు సైకిళ్లు, మళ్లీ మోటారు సైకిళ్లు! కాశీబుగ్గ రైలు గేటు ఎత్తగానే ఒక్కసారిగా కదిలే బళ్లు చూసినదాన్నే. ఇక్కడ ఆ గేటు రోజంతా ఎత్తే ఉంది. అంచున నిలబడి కాలు దించడం, వెనక్కి లాక్కోవడం, మళ్లీ దించడం. చివరికి గదిలోకి వచ్చేసి ఇంటి నుంచి తెచ్చుకున్న చేగోడీలు నములుతూ ఏడ్చాను. బావగారికి ఫోన్ చేద్దామని కిందికి వెళితే లైను కలవలేదు. కలిసుంటే తాళాలు ఆ రోజే పోయేవి.

మర్నాడు పొద్దున్న మళ్లీ ఆ అంచునే నిలబడ్డాను. పక్కన ఒక పెద్దావిడ, తల మీద గొడుగులాంటి ఆకుల టోపీ, భుజం మీద కావడి. మన దగ్గర మగవాళ్లు మోసే కావడిని ఆవిడ ఊపుకుంటూ రోడ్డు మీదకి దిగిపోయింది. ఆగలేదు, పరిగెత్తలేదు. పోతే పోయానని ఆవిడ వీపు చూసుకుంటూ వెనకాలే నడిచాను. ఆహా! బళ్లన్నీ మా ఇద్దరికీ అటూ ఇటూ తప్పుకుని పోతున్నాయి. ఒక్కడు విసుక్కోలేదు. ఇంత రద్దీలో ఇంత ఓపిక ఎక్కడిదమ్మా ఈ జనానికి అని నోరు తెరుచుకుని చూశాను.

ఆ మురిపెంలో ఆవిణ్ణి వదలకుండా నడిచాను. దారి పొడవునా జనం పిల్లల పీటల్లాంటి పీటల మీద కూర్చుని పొగలు కక్కే గిన్నెల్లోంచి తింటున్నారు. చెట్లేమో మేడలకంటే ఎత్తు. ఏదో వంటలోంచి చేపల పులుసు వాసన వచ్చేసరికి బారువ సముద్రపు ఒడ్డున ఎండు చేపల దగ్గర నిలబడ్డట్టయి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఊరు చూడకుండా ఏం చేశానా అనిపించింది.

పెద్దావిడ ఒక మూల కావడి దించింది. చూద్దును కదా, బుట్ట నిండా వేయించిన జీడిపప్పు! అంతలో వాన దంచేసింది. ఆవిడ టార్పాలిన్ లాగుతూ, తడవకుండా రమ్మని నాకు చెయ్యూపి ఒక పీట తోసింది. కూర్చున్నాను. ఎదురుగా పళ్లెంలో పోసిన పప్పుకి పొట్టు ఇంకా అలాగే ఉంది. పాపం, పొట్టు తీసే మనిషి దొరకలేదు కాబోలు అనుకున్నాను.

మా వైపు ఒక పద్ధతుంది. ఎవరి అరుగు మీద కూర్చున్నా, అక్కడ పప్పు ఉంటే చెయ్యి అందులో పడాల్సిందే. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లయినా సరే. ఊరికే చూస్తూ కూర్చుంటే ఎంత పొగరు అనుకుంటారు. నాకు వేరే ఆలోచనే రాలేదు. ఆవిడ టార్పాలిన్ తాళ్లతో తంటాలు పడుతోంది, నేను పళ్లెం ఒళ్లోకి లాక్కుని గోళ్లతో పొట్టు గీకేస్తున్నాను. ఆవిడ ఇటు తిరిగేసరికి సగం పళ్లెం తెల్లగా అయిపోయింది.

కెవ్వుమంది. వాళ్ల భాషలో ఏం తిట్టిందో దేవుడికే తెలియాలి. పక్క బడ్డీ మనిషి పొట్టుతో ఉన్న పప్పు ఒకటి తీసి, వేళ్ల మధ్య నలిపి ఉఫ్ఫని ఊది నోట్లో వేసుకుని చూపించాడు. అప్పుడు అర్థమైంది. అక్కడ పొట్టుతోనే వేయించి, పొట్టుతోనే అమ్ముతారు. తినేవాళ్లే నలుపుకుని తింటారు. ఓరి దేవుడా, ఆవిడ సరుకు పాడుచేసి కూర్చున్నాను!

డబ్బు తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. నా వేళ్ల కొసలు తిప్పి చూసింది. జీడి సొన అంటి నల్లబడ్డ వేళ్లు, ఎంత తోమినా పోవు. ఆవిడ తన చెయ్యి నా చేతి పక్కన పెట్టింది. అవే మచ్చలు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని పకపకా నవ్వాం. తర్వాత తెల్ల పప్పు వేరే కుప్ప పోసి, వచ్చినవాళ్లందరికీ నన్ను చూపిస్తూ అమ్ముకుంది. మా అప్ప, అదే మా అక్క, ఉంటే ఇలాగే చేసేది. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను, ఆ రోడ్డు నేనొక్కదాన్నే దాటి గదికి వచ్చాను.

ఆ రాత్రి లైను కలిసింది.

"ఏటమ్మా, ఎలాగున్నావు?" అన్నారు బావగారు. "మా వీసాలు ఇంకా లేటంతన్నారు. నీకు భయమేత్తందేటి? సెప్పు, టికెట్టు మార్పించీమంతావా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. అందుకే అబద్ధం చెప్పలేకపోయాను.

"భయమేత్తంది బావగారూ. అయినా రాను. రేపు మిషన్ల కంపెనీకి నానొక్కదాన్నే ఎల్తాను."

ఆయన గొంతు సవరించుకున్నారు.

"సరే గానమ్మా, రేపు పిక్కల లారీ వత్తంది. సరుకు ఎక్కడ దింపించమంతావు?"

ఆ మాట ఆయన నన్ను అడగడం అదే మొదలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బయట వొద్దండి," అన్నాను. "వాన పడతాది. లోపల దింపించండి."