సీనప్ప వాళ్ళమ్మ పెట్టించిన సినిమాలు

రిమోట్ పట్టుకుని గంట నుంచి టీవీలో బొమ్మలు జరుపుతున్నాను. ఏ సినిమా చూడాలో తేలలేదు. కంచంలో అన్నం చల్లారిపోయింది.

నా చిన్నప్పుడు పుంగనూరులో కేబుల్ నడిపే సీనప్ప ఆదివారం మధ్యాహ్నం ఏ సినిమా వేస్తే ఊరంతా అదే చూసేది. వేసేవన్నీ ఏడుపు సినిమాలే. నాకేమో ఫైటింగులు కావాలి. సీనప్ప వాళ్ళ మిద్దె మీది నుంచి వచ్చే వైరు మా కిటికీలోంచి టీవీకి వెళ్ళేది. అందులో మన మాటలు కూడా అటు పోతాయనుకుని, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని "ఫైటింగ్ సినిమా పెట్టన్నా" అని వారం వారం బతిమాలేదాన్ని. అయినా ఏడుపే వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున వైరు బాగుచేయడానికి సీనప్ప వస్తే నిలదీశాను.

"నేనింతగా అడుగుతాండానే, యాల పెట్టవన్నా?"

"నువ్వెప్పుడు అడిగితివి పాపా? మాయమ్మ ఏది అంటే అదే పెడతాండా. ఆమె నా పక్కనే కూసోని ఉంటాది."

ఊరంతటినీ ఒక ముసలామె ఏడిపిస్తోందని తెలిసి ఒళ్ళు మండిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమెను తిట్టుకుంటూనే సినిమా చివరిదాకా చూశాను.

ఇప్పుడు ఎంచుకునేది నేనే, పది నిమిషాలకే ఆపేసేదీ నేనే. తిట్టుకుందామంటే సీనప్ప వాళ్ళమ్మ కూడా లేదు.