నొయెమి పిలిచిన పేరు

క్రిస్మస్ నాడు మా కొండ ఊరు సాంతో తొమాస్‌లో, గుద్దులాటల బరిలో కొరడా పట్టుకుని నిలబడేవాడికి రెండే పనులు. కింద పడ్డవాళ్లను కొట్టనివ్వకూడదు. కొట్టుకున్నవాళ్లను కావలించుకోకుండా బరి దాటనివ్వకూడదు. పాతికేళ్లుగా ఆ కొరడా నాదే. పగిలిన ముక్కులు, ఊడిన పళ్లు లెక్కలేనన్ని చూశాను. ఏడాదంతా కడుపులో పెట్టుకున్న పగ ఆ కౌగిలితో పోవాలి. తకనకుయ్ పండగంటే మాకదే. ఆ తర్వాత మళ్లీ ఆ గొడవ ఎత్తితే నేనే తంతాను.

నొయెమి నా చిన్నన్న కూతురు. తల్లి పోతే, పెద్దన్న కూతురు గ్రిసెల్డా దాన్ని తన దుప్పట్లో పడుకోబెట్టుకుని పెంచింది. గ్రిసెల్డా ఆరేళ్లే పెద్ద. పెద్దయ్యాక ఇద్దరూ సంతలో ఒకే బల్ల మీద ఉడకబెట్టిన బంగాళాదుంపలు, జున్ను అమ్మేవాళ్లు.

నొయెమికి ఫోన్ పిచ్చి. పిడికిలి ఎలా బిగించాలి, వేళ్లకు గుడ్డ ఎలా చుట్టాలి, దవడ మీద ఎక్కడ కొడితే మనిషి కూలుతాడు, ఇవే దాని వీడియోలు. చూసేవాళ్లు నాలుగు వేలమంది. మేమంతా ఎగతాళి చేసేవాళ్లం. నవంబరులో కుస్కో పట్నం నుంచి దానికి ఒక నొప్పుల మందు కంపెనీవాడు ఫోన్ చేశాడు. బరిలో కొట్టుకుని, ఆ దెబ్బల మీదే వాళ్ల మందు రాసుకుని, డబ్బా చూపించాలట. ఆరువందల సోల్‌లు ఇస్తారట.

"చిన్నాన్నా, నా వీడియోకి మొట్టమొదటిసారి డబ్బులిస్తామన్నారు!" అని నా మెడ పట్టుకుని వేలాడింది.

"బాగానే ఉంది. ఎవరితో కొట్టుకుంటావే? నీకు ఎవరి మీదా పగ లేదుగా?"

"అబ్బా, నేను చూసుకుంటాలే చిన్నాన్నా."

ఆ మాట విన్నప్పుడే దాని వీపు చిట్లగొట్టాల్సింది. నవ్వి ఊరుకున్నాను. నా బుద్ధిని చెప్పుచ్చుకు కొట్టాలి.

ఆ క్రిస్మస్ నాడు మొదటి జంటలోనే ఒకడి పెదవి రెండుగా చీలింది. మట్టిలో ఆ నెత్తురు ఆరకముందే నొయెమి బరిలోకి దూకింది. కంచె గుంజకు దాని ఫోన్ కట్టి ఉంది.

"గ్రిసెల్డా! రా ఇలా! నీ కూడు తిని బతికిన బిచ్చగత్తెనన్నావట నన్ను! నా ఎదురుగా వచ్చి అను!"

గ్రిసెల్డా దుంపల గిన్నె దగ్గర నుంచి లేచింది. మొహం పాలిపోయింది. "నేనా? ఎప్పుడన్నానే?"

జనం ఈలలు వేశారు. పేరు పిలిచాక బరిలోకి రాకపోతే తల ఎత్తుకు తిరగలేం. వచ్చింది. పద్ధతి ప్రకారం ఇద్దరూ కావలించుకున్నారు. విడిపోతూనే నొయెమి గుద్దింది. గ్రిసెల్డా చేతులు ఎత్తలేదు. రెండో గుద్దుకూ ఎత్తలేదు.

"కొట్టవే అక్కా! ఊరికే నిలబడతావేంటి!" అంది నొయెమి పళ్లబిగువున. మూడో దెబ్బకు గ్రిసెల్డా కనుబొమ చిట్లి కన్ను నెత్తురుతో నిండింది. అప్పుడు తిరగబడింది. నొయెమి ముక్కు చితికింది. జడలు పట్టుకుని ఈడ్చుకున్నారు, మోకాళ్లతో పొత్తికడుపుల్లో పొడుచుకున్నారు. చివరికి నొయెమి గుద్దు నోటి మీద పడి గ్రిసెల్డా కూలిపోయింది. నేను కొరడా ఝళిపించి ఆపాను.

గ్రిసెల్డా లేచి తనే చెల్లెల్ని కావలించుకుంది. నోటి నిండా నెత్తురు. "ఏదో అనే ఉంటాను, నాకు గుర్తులేదు. నీ కడుపులో ఇంత బాధుందని తెలీదే తల్లీ. పోయిందా ఇప్పుడు?"

నొయెమి ఆ చేతులు విడిపించుకుంది. పావడా మడతలోంచి డబ్బా తీసి, ఫోన్ వైపు తిరిగి, మందు చెంపకు రాసుకుంటూ నవ్వింది.

గ్రిసెల్డా ఆ డబ్బాను చూసింది. ఫోన్‌ను చూసింది. నన్ను చూసింది.

"దీనికోసమా చిన్నాన్నా?"

నేను కొరడా చుట్టడం మొదలుపెట్టాను. ఆమె వంగి మట్టిలోంచి తన పన్ను ఏరుకుని వెళ్లిపోయింది.

వీడియో లక్షలమంది చూశారు. డబ్బు కూడా వచ్చింది. సంతలో మాత్రం ఒక బల్ల రెండు బల్లలైంది. ఏడాదంతా నొయెమి ఎన్నిసార్లు కాళ్ల మీద పడబోయినా గ్రిసెల్డా పక్కకు తప్పుకుని పోయింది.

మరుసటి క్రిస్మస్‌కు నొయెమి ఫోన్ లేకుండా బరిలోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఈసారి పగ గ్రిసెల్డాది. పిలవాల్సింది ఆమె.

"అక్కా, నా పేరు పిలువు! నా పళ్లన్నీ రాలగొట్టు!"

గ్రిసెల్డా ఎవరికో దుంపలు వడ్డిస్తోంది. నొయెమి మళ్లీ అరిచింది. ఎవరూ ఈల వెయ్యలేదు. అప్పుడు అది తన పిడికిలితో తన నోటి మీదే గుద్దుకుంది. నెత్తురు కారేదాకా గుద్దుకుంది. నేను పరుగెత్తి దాని చేతులు పట్టుకున్నాను.

"ఒక్కసారి పిలవ్వే గ్రిసెల్డా, నీకు దణ్ణం పెడతాను," అని అరిచాను.

ఆమె పన్ను లేని నోటితో నెమ్మదిగా అంది. "నన్నెందుకు లాగుతావు చిన్నాన్నా? కొట్టుకుని కావలించుకోడానికి అది నాకేమవుతుంది?"

దుంపల మీద జున్ను ముక్క పెట్టి, పళ్లెం అందించింది.