బ్రేకు నొక్కే మనిషి

మా పాత కారు బ్రేకు మెత్తబడితే సరూర్‌నగర్‌ల ఇంటి ముందు నేనే బాగు చేసుకుంటా. మెకానిక్కుకు చూపిస్తే లేని రోగాలన్నీ చెప్తడు. కాకపోతే బ్రేకు పైపులల్ల గాలి తీయాలంటే ఇద్దరు కావాలె. ఒకరు చక్రం కాడ నట్టు ఇప్పి బిగించాలె, ఇంకొకరు లోపల కూసోని బ్రేకు నొక్కాలె.

పదిహేనేండ్లు మా ఇంటామెనే నొక్కింది. "నొక్కు" అంటే "నొక్కిన" అనేది, "ఇడువు" అంటే "ఇడిసిన" అనేది. నేను నట్టు బిగించక ముందే ఇడిస్తే గాలి మళ్ళ లోపలికి పోయేది. గల్లీ అంత ఇనపడేటట్టు ఒర్లేటోణ్ణి. కాలు అందదని ఆమె సీటు ముందుకు జరుపుకునేది. పనైనంక నేను ఎక్కితే మోకాళ్ళు స్టీరింగుకు తగిలేటియి. "జరిపినదానివి మళ్ళ ఎనకకు పెట్టొద్దా?" అని అందుకు కూడ తిట్టేటోణ్ణి.

ఆమె చనిపోయిన ఏడాదికి బ్రేకు మళ్ళ మెత్తబడ్డది. దిల్‌సుఖ్‌నగర్‌ల బ్రేకు ఆయిల్ కొంటుంటే, "నొక్కెటోళ్ళు ఉన్నరా అన్నా?" అని షాపాయన అడిగిండు. లేరని చెప్పిన. సన్న పైపు ముక్క కోసిచ్చిండు. దాని ఒక కొస నట్టుకు తొడిగి, ఇంకో కొస ఆయిల్ సీసాల ముంచి పెడితే గాలి ఎనకకు రాదు, ఒక్కరే చేసుకోవచ్చు అన్నడు.

నిజమే. బయట నిలబడి, ఒక కాలు లోపల పెట్టి నేనే నొక్కిన. నాలుగు చక్రాలైనయి. ఒర్లే పని పడలే.

ఎల్‌బీ నగర్ దాక నడిపి చూద్దామని చేతులు కడుక్కోని ఎక్కిన. తిట్టు నోటి దాక వచ్చింది, చెయ్యి సీటు ఎనకకు జరిపే లివర్ కోసం కిందికి పోయింది.

సీటు నేను పెట్టిన కాడనే ఉన్నది.