వణికిన సంతకం

2006లో ఖమ్మంలో డిగ్రీ చదువుతూ, భద్రాచలంలో షూటింగ్ చూడబోయి మా అభిమాన హీరో ఆటోగ్రాఫ్ తీసుకున్నాను. సంతకం పెడుతుంటే ఆయన చెయ్యి బాగా వణికింది.

"ఈ జబ్బు సంగతి తెలిస్తే వేషాలు రావు తమ్ముడూ, ఎవరికీ చెప్పకు" అన్నారు మెల్లగా.

తర్వాత మా అభిమాన సంఘం ఆటోగ్రాఫుల ప్రదర్శన పెట్టి, సంతకాలు పరీక్షించే నిపుణుణ్ణి హైదరాబాద్ నుంచి పిలిపించింది. ఆయన నాది భూతద్దంలో చూసి, "గీత వణికింది. నకిలీ" అని తేల్చేశారు.

"ఏందిరా, దొంగసంతకం పెట్టేటోనికి జర ధైర్యమన్న ఉండాలె గద!" అన్నాడు మా అధ్యక్షుడు. అందరూ నవ్వారు. నిజం నోటిదాకా వచ్చింది.

"అవ్ అన్నా, భయమైంది" అన్నాను.

అభిమానిగా ఆయనకు నేను చేసిన మేలు అదొక్కటే. దానికే నన్ను సంఘంలోంచి తీసేశారు.