సందులో వేసిన మంచాలు

కర్నూలు రాజధాని అయిన ఏడాది మా వరసలోని నాలుగు ఇండ్లకూ ఎక్కడలేని విలువ వచ్చింది. మద్రాసు నుంచి దిగిన ఆఫీసుల వాళ్ళు ఉండేకి చోటు లేక డేరాల్లో కాపురం పెట్టినారు. పశువుల కొట్టాలకు కూడా వెల్ల వేసి అద్దెకు ఇస్తా ఉండినారు. ఆ నాలుగిండ్ల యజమాని పల్లెలో భూములున్న మోతుబరి. ఒక పొద్దున వచ్చి, మా అత్తను పిలిచి, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు.

అప్పటికి నాకు చంటిబిడ్డ. మా ఆయన నూనెమిల్లులో గుమాస్తా. తగువంటే ఆమడ దూరం పోయే మనిషి. ఇంట్లో పెత్తనమంతా మా అత్తది. చిన్నవయసులోనే మొగుణ్ణి పోగొట్టుకొని, నలుగురిండ్లలో మిరపకాయలు దంచి, ఆ ఇంట్లోనే కొడుకును పెంచింది.

"ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్ళు కాసుకోని ఉండారమ్మా. మీరు యాడన్నా చూసుకోండి" అన్నాడు యజమాని.

"నెల తప్పకుండా కడతాండాము కదప్పా. కట్టేవాళ్ళను వెళ్ళగొట్టేకి చట్టం ఒప్పదంట. మేము ఈడనే ఉంటాము."

చట్టం సంగతి ఆమెకు చెప్పింది మా వీధి చివర ఉండే ముసలి వకీలు సాయబు. వాళ్ళింట్లో కారం దంచేటప్పుడు అడిగి తెలుసుకుంది.

యజమాని పోయి, మా ఇండ్ల వెనక తన ఖాళీ జాగాలో సున్నపు బట్టీ పెట్టించినాడు. ఊర్లో కట్టడాలు లేస్తా ఉండినాయి, సున్నానికి గిరాకీ బాగా ఉండింది. బట్టీ అంటించినప్పటి నుంచి పొగ మా వంటింట్లోనే కాపురం చేసింది. ఆరేసిన చీర తీస్తే దుమ్ము రాలేది. బావిలో నీళ్ళమీద తెల్లగా తెట్టు కట్టేది. ఆ నీళ్ళతో పప్పు ఉడికేది కాదు. బిడ్డ దగ్గి దగ్గి పాలు కక్కేది. చివరింట్లో ఉబ్బసం ఉన్న పెద్దాయన తట్టుకోలేకపోయినాడు. ఆయన కొడుకు బండి కట్టించి అందరినీ తీసుకొని ఊరిడిచి పోయినాడు. అప్పుడు మాకు అర్థమైంది, ఆ పొగ సున్నం కోసం ఒక్కటే కాదని.

వకీలు సాయబు మా తరఫున కోర్టులో దావా వేసినాడు. పైసా తీసుకోలేదు.

"విచారణకు వచ్చేదాకా ఓర్చుకోవాల తల్లీ" అన్నాడు.

"అంతవరకు నా మనవరాలు దగ్గతానే ఉండాల్నా?"

సాయబు మెల్లగా అన్నాడు: "మీ వాకిండ్ల ముందు సందు ఉండాదే, అది మీ నాలుగిండ్ల వాడకానికి విడిచింది. బట్టీవాళ్ళకు దాంట్లో పని లేదు."

బట్టీకి రాయీ బొగ్గూ మోసే బండ్లు ఆ సందులోనే పోవాల. వేరే దారి లేదు. మరుసటి పొద్దున మా అత్త మంచం ఎత్తుకొచ్చి సందుకు అడ్డంగా వేసి కూర్చుంది. పక్కింటామె, ఆ పక్కింటామె వాళ్ళ మంచాలూ తెచ్చినారు. బండ్లు వచ్చి నిలబడిపోయినాయి. ఎద్దులు మా నవారు వాసన చూస్తా ఉండినాయి. మా ఆయన గడప లోపల నుంచి నన్ను పిలిచినాడు.

"నువ్వు లోపలికి రా. బిడ్డతల్లివి, నీకెందుకు?"

"బిడ్డతల్లిని గనకనే" అని, బిడ్డను ఎత్తుకొని పోయి మా అత్త పక్కన కూర్చున్నాను. ఆయన మాట నేను కాదన్నది అదే మొదలు. ఆయన మళ్ళీ పిలిచినా లేవలేదు.

యజమాని ఒక కానిస్టేబులును వెంటబెట్టుకొని వచ్చినాడు.

"దారికి అడ్డం ఏందమ్మా ఇది?" అన్నాడు కానిస్టేబులు.

"మా వాకిట్లో మేము మంచం వేసుకున్నాము నాయనా. మీ ఇంట్లో వేసుకోరా?"

"జాగా నాది" అన్నాడు యజమాని.

"నీదేనప్పా. అద్దె మాది. అద్దె కట్టినన్నాళ్ళు ఈ సందులో నువ్వు కూడా మమ్మల్ని అడిగి నడవాల."

కానిస్టేబులు మీసం కింద నవ్వు దాచుకొని, ఇది కోర్టులో తేల్చుకునే సంగతని చెప్పి పోయినాడు. బండ్లు వెనక్కి తిరిగినాయి. మేము వంతులు వేసుకొని కూర్చున్నాము. అక్కడే బియ్యం ఏరుకున్నాము, అక్కడే తలలు దువ్వుకున్నాము. లోపలున్న బొగ్గుతో బట్టీ ఇంకా మండతానే ఉండింది, కానీ కొత్త బండి ఒక్కటి కూడా పోలేదు.

కొన్నాళ్ళకు, చోటు చూసి చెప్పమని కోర్టు ఒక చిన్న వకీలును పంపింది. ఆయన వచ్చేనాటికి బట్టీ చుట్టూ చిమ్మి, నీళ్ళు చల్లి ఉండినారు. పొగ లేదు.

"ఇది ఎప్పుడో ఆపేసినాము సార్. వీళ్ళు ఊరికే రచ్చ చేస్తాండారు" అన్నాడు యజమాని.

మా అత్త ఆ చిన్న వకీలును మా వంటింట్లోకి తీసుకొనిపోయింది. బావిలో నీళ్ళు చేది చూపించింది. అన్నీ చూసి కూడా, ఎప్పటి దుమ్మో ఎట్ల చెప్పేది అన్నట్టు ఆయన నసిగినాడు.

"అయితే ఆ బట్టీ గోడమీద చెయ్యి పెట్టి చూడు నాయనా" అంది.

ఆయన పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆయన తల వంచుకొని చాలాసేపు రాసుకున్నాడు.

దావా తేలేదాకా బట్టీ అంటించకూడదని కోర్టు ఆర్డరు ఇచ్చింది. యజమాని బట్టీ ఎత్తేసి ఊరిబయటికి మార్చుకున్నాడు. మమ్మల్ని ఖాళీ చేయించాలని మళ్ళీ కేసు వేసి, అదీ ఓడిపోయినాడు. బిడ్డ దగ్గు మాత్రం ఆ చలికాలమంతా పోలేదు. చివరింటి పెద్దాయన పోయిన ఊర్లోనే చనిపోయినాడని తర్వాత తెలిసింది. ఆ రోజు మా అత్త అన్నం ముట్టలేదు.

ఇంకా బావి ఒకటి మిగిలింది. యజమాని అద్దెకు వచ్చినప్పుడు, "మీరే తలా ఇంత వేసుకొని పూడిక తీయించుకోండి" అన్నాడు.

"పాడుచేసింది మేమా?" అంది మా అత్త. "బావి నీది, సున్నం నీది. మనుషుల్ని పిలిపించప్పా, నేను ఈడనే నిలబడి చూస్తాను."

ఆయన అద్దె ఎంచుకొని పోయినాడు. మరుసటి వారం నలుగురు మనుషులు తాళ్ళూ గంపలూ తీసుకొని వచ్చినారు.